నీళ్ళు ఆపమన్న గురువారం

దేవసేనకు ఎండిన వస్తువంటే పడదు. పెరట్లో తులసి ఆకు వాల్చినా, తాడు మీద ఆరేసిన గుడ్డ కర్రలా బిగుసుకున్నా, ఆమె చెయ్యి తనంతట తానే చెంబు కోసం వెతుకుతుంది. ఇదేం చాదస్తమని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. వాళ్ళు ఎన్నడూ మగ్గం ముందు కూర్చున్నవాళ్ళు కారు. నూలు ఎండితే తెగుతుంది. తెగితే అతకాలి, అతికితే ముడి పడుతుంది, ముడి కనబడిందంటే సావుకారు చీరను అటు తిప్పి ఇటు తిప్పి పక్కన పడేస్తాడు. అందుకని ఎండాకాలం వచ్చిందంటే మగ్గం గుంటలో నీళ్ళు చిలకరించడం, నూలు కండెలను తడిగుడ్డలో చుట్టడం, కండెల గంపమీద తడి గోనె కప్పడం మగ్గాల ఇళ్ళలో ఆడవాళ్ళ పని. దేవసేన ఆ పని ఏడేళ్ళ వయసులో మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమెకు యాభై ఏడు.

ఆమె ఉండే ఊరు తిరుత్తణి నుంచి టౌన్ బస్సులో పావుగంట. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, బస్సెక్కితే అరవం. పదిహేడో ఏట దండపాణిని చేసుకుని ఆ ఊరి మగ్గాల వీధికి వచ్చింది. దండపాణి మాటకారి. "నీ పేరూ నా పేరూ ఆ కొండమీద సామే జత రాసినాడే" అని కొత్తలో అందరి ముందూ అనేవాడు. "అట్లయితే సామి రెండో పెళ్ళాం వళ్ళి యాడుండాదో అది కూడా ఇప్పుడే చెప్పేయి" అని ఈమె అంటించేది. వీధంతా నవ్వేది. ముప్పై ఏళ్ళు ఆ సంసారం అలాగే గడిచింది. ఒకే కూతురు, మంజు. ఆరణిలో ఇచ్చారు.

తర్వాత పవర్‌లూములు వచ్చాయి. వీధిలో నలభై మగ్గాలు ఆరైపోయాయి. దండపాణి తన మగ్గాన్ని విప్పి గోడకు ఆనించిన ఏడాదే దేవసేన ఊరి బడిలో మధ్యాహ్నం వంటకు చేరింది. మొదట వంటమనిషికి సాయం. ఆమె పని మానుకున్నాక వంటా, ఊడ్చడమూ, గంట కొట్టడమూ, జారిన నిక్కర్లు పైకి లాగడమూ అన్నీ ఈమే. పిల్లలకు ఆమె అవ్వ. తమ అవ్వలకు ఎంత భయపడతారో ఆమెకూ అంతే భయపడతారు, అంటే అసలు భయపడరు.

దండపాణికి కిడ్నీలు పోయాయని తెలిసేసరికి కాళ్ళు స్తంభాల్లా వాచాయి. వారానికి రెండుసార్లు తెల్లవారే కరెంటు రైలెక్కి తిరువళ్ళూరు పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. కడంబత్తూరు దాటుతుండగా ఆయన ప్రతిసారీ కిటికీలోంచి పొలాల మడవల్లో నీళ్ళు చూసేవాడు. మొదట్లో దేవసేనకు అది పట్టలేదు. డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు. రోజుకు ముప్పావు లీటరు నీళ్ళు, అంతే. కాఫీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్ళు అన్నీ అందులోనే. అది దాటితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మనిషి దక్కడు.

దేవసేన సీసాకు ఎర్ర పోగు కట్టి గుర్తు పెట్టుకుంది. ఆ గుర్తు దాటనివ్వలేదు. చదువుకోని మనిషికి చదువుకున్నవాళ్ళ మాట మీద ఉండే నమ్మకం మామూలు నమ్మకం కాదు. ఎండాకాలం వచ్చింది. దండపాణి నాలుక అంగిలికి అంటుకునేది. బతిమాలేవాడు, తిట్టేవాడు, చిన్నపిల్లాడిలా చెయ్యి చాచేవాడు. ఒకరోజు పాకుతూ పోయి అంట్లు తోమే తొట్టిలో నోరు పెట్టాడు. ఆ రోజు నుంచి ఆమె మంచినీళ్ళ కుండను వంటింట్లో పెట్టి తలుపుకు తాళం వేసింది.

"నువ్వు నన్ను ఎండబెట్టి సంపుతా ఉండావే" అన్నాడు ఆయన. అరవలేదు, మామూలుగానే అన్నాడు.

రెండో ఏడు చైత్రంలో, ఒక శనివారం పొద్దున, "ఒక్క గుక్క ఇయ్యి" అన్నాడు. "ఇంకొక గంట తాళు, కాఫీ ఇస్తా" అంది. ఆ గంటలోనే పోయాడు. కాఫీ గ్లాసు తీసుకుని వచ్చేసరికి మనిషి లేడు. బంధువులు వచ్చారు, వీధివాళ్ళు వచ్చారు, ఆస్పత్రిలో నర్సమ్మ కూడా ఫోన్లో చెప్పింది. అందరిదీ ఒకే మాట. డాక్టరు చెప్పినట్టే చేసినావు, నీ తప్పేమీ లేదు. దేవసేన అందరికీ తల ఊపింది. ఒక్కరి మాటా లోపలికి దిగలేదు.

ఇది జరిగి మూడేళ్ళు. అప్పటి నుంచి ఆమెకు ఇంట్లో ఉండాలంటే భయం. దెయ్యాల భయం కాదు. వంటింటి తలుపు భయం. పొద్దున ఏడుకే బడికి పోతుంది, పొద్దు వాలాకే తిరిగి వస్తుంది, ఆదివారం కూడా ఏదో ఒక వంకతో బడి తాళం తీస్తుంది. బడి ఆమెకు కూడు పెడుతున్నదని ఊరు అనుకుంటుంది. నిజానికి బడి ఆమెకు ఆ ఇంటిని తప్పిస్తున్నది. అది లేకపోతే పగలంతా ఆ తలుపు ఎదురుగా ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియదు. ఆరణికి రమ్మని మంజు పిలుస్తూనే ఉంటుంది గాని, అక్కడ ఒక్క గదిలో ఆరుగురు.

అలాంటి బడికి ఈ ఏడు సంక్రాంతి సెలవులయ్యాక ఒక కాగితం వచ్చింది. బడి మూయాలంటే మనవాళ్ళకు ఒక కాగితం చాలు. అయిదు తరగతులకూ కలిపి పిల్లలు పదకొండుమందే ఉన్నారు, తెలుగు బడి వేరే నడపడం అవసరమా అన్నది ఏప్రిల్లో అధికారులు వచ్చి చూసి తేలుస్తారని దాని సారాంశం. మిగతా పిల్లలంతా పసుపురంగు వ్యాను ఎక్కి ఇంగ్లీషు బడికి పోయేవాళ్ళే. ఊళ్ళో ఎవరూ పెద్దగా బాధపడలేదు. బాధపడింది ఇద్దరు. ఒకరు దేవసేన. రెండోవాళ్ళు రంజిత టీచరు.

రంజితకు ఇరవై ఎనిమిదేళ్ళు. హెడ్మాస్టరు రిటైరయ్యాక ఆ బడికి ఆమే టీచరు, ఆమే గుమాస్తా, ఆమే అన్నీ. కాగితం చదివిన రోజు ఆమె వంటగది గడప మీద కూర్చుని దాన్ని ఇంకొకసారి చదివింది. తర్వాత అంది:

"గోడకు చార్టులు అంటించి చూపిస్తే ఏ ఆఫీసరైనా తల ఊపి పోతాడు దేవసేనమ్మా. మన పిల్లోళ్ళ చేత పండిద్దాం. గింజ నాటి, మళ్ళా గింజ తియ్యాల. చెట్టు బతుకు మొత్తం వాళ్ళ చేతుల మీదుగా జరగాల. అది చూసినాక ఈ బడి వద్దనమను, చూస్తా."

"ఏం గింజ టీచరమ్మా?"

"తొందరగా కాసేది ఏదన్నా. మీ వంటింట్లో పెసలు లేవూ?"

మంగళవారం పిల్లలకు ఉడకబెట్టి పెట్టే పెసలు డబ్బాలో ఉండనే ఉన్నాయి. దేవసేన పిడికెడు తీసి ఇచ్చింది. ఫిబ్రవరి మొదటి వారంలో పని మొదలైంది. గుడ్ల అట్టల్లో తడి దూది పెట్టి ఒక్కొక్కరు ఒక్కొక్క గింజ వేశారు. మొలక వచ్చాక ఖాళీ నూనె డబ్బాలకు మేకుతో అడుగున చిల్లులు కొట్టి, కాలవగట్టు మన్నూ, ఎండిన పేడా, నలిపిన గుడ్డు పెంకులూ కలిపి పోసి అందులోకి మార్చారు. పదకొండు డబ్బాలు, పదకొండు పేర్లు, వరండా ముందు వరుసగా. చెట్టు ఎత్తు కొలవడానికి స్కేలు పొట్టిదైపోతే దేవసేన ఇంటి నుంచి మిగిలిన నూలు పోగులు తెచ్చింది. ప్రతి సోమవారం చెట్టు పక్కన పోగు పట్టి, అంతవరకు తుంచి, నోటుబుక్కులో అంటించారు. ఒక వారం ఎరుపు, ఒక వారం పచ్చ, ఒక వారం నీలం. ఆ పుస్తకాలు చూస్తే పెసర చెట్టు ఎలా పెరిగిందో అక్షరం రాని దేవసేన కూడా చదవగలిగింది. తన నూలు బడిపుస్తకంలోకి ఎక్కడం ఆమెకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

మూడో తరగతి కోకిల రోజూ అందరికంటే ముందు వచ్చేది. ఎనిమిదేళ్ళ పిల్ల, బక్కగా ఉంటుంది, ప్రశ్నలు మాత్రం లావు. పసుప్పచ్చ పూత వచ్చి రాలి, దాని చోట సూదంత కాయ కనబడిన రోజు వంటగదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, పువ్వు యాడికి పోయింది?"

"కాయలోకి పోయింది."

"కాయ యాడికి పోతుంది?"

"గింజలోకి. గమ్మున పోయి కూర్చో, సాంబారు పొంగిపోతా ఉండాది."

అట్లా రెండు నెలలు బడి కళకళలాడింది. కొండమీద సామి పండగ పంగుని ఉత్తరం. దాని ముందురోజు గురువారం. కాయలు చాలావరకు నల్లబడుతున్నాయి. రంజిత పిల్లలందరినీ డబ్బాల చుట్టూ నిలబెట్టింది.

"ఈ పొద్దు నుంచి ఎవరూ నీళ్ళు పోయకూడదు. చెట్టు ఎండాల. ఎండితేనే కాయ గట్టిగా అయ్యి లోపల గింజ నిలుస్తుంది. రేపు పండగ, శని ఆదివారాలు సెలవు. సోమవారం కోసి ఒలుద్దాం. ఒక్క గింజ నాటితే ఎన్ని గింజలు వచ్చినాయో ఎవరిది వాళ్ళు లెక్కపెట్టాల. మంగళవారం ఆఫీసర్లు తిరువళ్ళూరు నుంచి వస్తారు. వాళ్ళకు మీరే చెప్పాల."

"నీళ్ళు పోయకపోతే సచ్చిపోతుంది కదా టీచర్?" అంది కోకిల.

"దాని పని అయిపోయింది కోకిలా. ఇప్పుడది గింజ కోసమే ఉండాది."

పిల్ల తన డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. రంజిత గేటు తాళంచెవి దేవసేన చేతిలో పెట్టి, "మేకలు, కోళ్ళు రాకుండా చూసుకోండి దేవసేనమ్మా. నీళ్ళు మాత్రం చుక్క కూడా వద్దు" అని మరీ మరీ చెప్పి బస్సెక్కింది.

రైతింటి ఆడదైతే ఆ మాటకు నవ్వి ఊరుకునేది. పెసర చేను ఎండకుండా కోత ఎక్కడిది? దేవసేనకు చేను తెలియదు. ఆమెకు తెలిసింది నూలు, తెలిసిన మనిషి దండపాణి. నీళ్ళు ఆపమని చదువుకున్న మనిషి చెప్పడం ఆమె బతుకులో ఇది రెండోసారి.

శుక్రవారం ఊరంతా కొండకు పోయింది. దేవసేన పోలేదు. మధ్యాహ్నం బడి గేటు తీసి చూసింది. ఆకులు చేతులు వేలాడేసినట్టు వేలాడుతున్నాయి. డబ్బా ముట్టుకుంటే చుర్రుమంది. టీచరమ్మ చెప్పింది, టీచరమ్మకు తెలుసు అని పైకే అనుకుంటూ గేటు వేసుకుని ఇంటికి వచ్చింది. అన్నం కలిపింది, తినలేకపోయింది. కంచం అలాగే పక్కన పెట్టింది.

శనివారం పొద్దున మళ్ళీ పోయింది. ఆకుల అంచులు పసుపు తిరిగి చుట్టుకున్నాయి. కోకిల డబ్బాలో చెట్టు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. సోమవారం ఎంత దూరం? రెండు రోజులు. తాళు, రెండు రోజులే అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆ మాటే మళ్ళీ చెవిలో పడింది. తాళు అన్నది ఎవరితో? ఇదే మాట ఇంకొకరితో అంది. ఇంకొక గంట తాళు అంది. డాక్టరు చెప్పిన మాట అక్షరం తప్పకుండా విని, ఎర్ర పోగు దాటకుండా పోసి, చివరికి మిగిలిందేమిటి? ఒక కుండ, ఒక తాళం. దేవసేన వరండా మెట్టు మీద కూలబడి, గేటు అవతల వీధిలో జనం ఉన్నారేమో అన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

తర్వాత లేచి పంపు కిందికి బిందె తోసింది.

ఒకసారి చెయ్యి తడిశాక ఇక ఆగలేదు. వేళ్ళకు పోసింది. చాలదనిపించింది. మగ్గం మీద నూలుకు చిలకరించినట్టు గుప్పెళ్ళతో ఆకుల మీద, కాయల మీద, నెత్తిమీద నుంచి చిలకరించింది. వంటగదిలో ఖాళీ బియ్యం గోనెలు నీళ్ళలో ముంచి, డబ్బాలన్నిటినీ వరండాలోకి జరిపి, కండెల గంపకు కప్పినట్టు వాటి మీద కప్పింది. సాయంత్రం వచ్చి గోనెలు మళ్ళీ తడిపింది. ఆదివారం రెండు పూటలా అదే పని. ఆదివారం సాయంత్రం గోనె ఎత్తి చూస్తే పైన లేతాకులు నిగనిగలాడుతూ నిలబడి ఉన్నాయి. దేవసేనకు ఎంత సంతోషం కలిగిందంటే, ఇంటికి వచ్చి కడుపునిండా తిని, తాళం లేని వంటింట్లోనే చాప వేసుకుని నిద్రపోయింది. మూడేళ్ళలో ఆమె అలా నిద్రపోవడం అదే మొదలు.

సోమవారం గోనె ఎత్తగానే వాసన కొట్టింది.

పైన ఆకు పచ్చగానే ఉంది. కింద కాయలకు తెల్లటి బూజు. ముట్టుకుంటే కొన్ని కాయలు జారుడుగా చితికిపోయాయి. కొన్ని పగిలి, వాటిలోంచి తెల్లటి మొలకలు బయటికి పొడుచుకొచ్చాయి. చెట్టుకు ఉండగానే గింజ మొలిచిపోయింది. దేవసేన మొదటి డబ్బా చూసింది, రెండోది చూసింది, పదకొండోదాని దాకా చూసింది. మనిషిని నీళ్ళు ఇవ్వక చంపాను, చెట్టును నీళ్ళు ఇచ్చి చంపాను అనుకుంది. అంతకంటే ఆలోచించే టైము లేదు. బస్సు హారను వినబడింది. ఆమె గోనెలన్నీ చుట్టి వంటగదిలో కట్టెల వెనక్కు తోసేసి, డబ్బాలను వరండా ముందుకు లాగి, చీపురు పట్టుకుని నిలబడింది. జీవితంలో మొదటిసారి దొంగపని చేసిన మనిషి ఎంత తెలివిగా చేసిందో చూడండి.

రంజిత ఒక కాయ ఒలిచింది. ఇంకొకటి ఒలిచింది. వేళ్ళకు అంటిన జిగురును పైటకు తుడుచుకుంటూ ఒలుస్తూనే పోయింది. పిల్లలు చుట్టూ చేరారు.

"ఎవరు నీళ్ళు పోసినారు?" అంది. గొంతు మెల్లగానే ఉంది.

దేవసేన ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. చెప్తే తనను పంపేస్తారు. పంపేస్తే ఆ ఇల్లు. ఈ ఆలోచన ఇంకా పూర్తి కాకముందే కోకిల భోరుమంది.

"నేనే టీచర్... గురువారం బెల్లు కొట్టినాక నా బాటిల్లో నీళ్ళు పోసేసినా. నా చెట్టు పావం అనిపించింది. మిగిలింది పక్కదానికి రవ్వంత పోసినా."

ఒక పిల్ల బాటిల్లో నీళ్ళకు పదకొండు డబ్బాలు బూజు పట్టవని రంజితకు తెలియదా? తెలుసు. కాని రెండు నెలల ఆశ ఆ కాయల్లో కుళ్ళి ఉంది, కోపం ఎవరిమీదో ఒకరిమీద పడాలి. "అంత చెప్పినాను కదా! ఒక్క మాట, ఒక్క మాట వినలేవా?" అని అరిచేసింది. అయిదో తరగతి నరేష్, "నీవల్లే మన బడి మూసేస్తారు పో" అన్నాడు. కోకిల ఏడుపు ఆపేసింది. ఏడుపు ఆపిన ఆ పిల్ల ముఖం దేవసేన చూసింది. చూసి కూడా, చీపురు పట్టుకుని వంటగదిలోకి పోయింది. ఆమె గురించి చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి.

మధ్యాహ్నం దాకా బాగున్న గింజలు ఏరడానికి చూశారు. పెనం మీద వెచ్చబెట్టారు, ఎండలో పరిచారు. ముడుచుకుపోయి మచ్చలు పడ్డవి కలిపినా ఒక దోసెడు కూడా కాలేదు. పిల్లలు అన్నానికి లేచాక దేవసేన రంజిత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది:

"టీచరమ్మా, డబ్బాలో ఉండే పెసలే తట్టలో పోసి పెట్టేద్దాం. చెట్లు పీకి పారేద్దాం. ఆఫీసర్లకు యాడ తెలుస్తుంది?"

రంజిత మచ్చల గింజల్ని వేళ్ళతో కదిపింది. ఆ ఆలోచన తనకూ రాకుండా లేదు.

"ఆఫీసర్లకు తెలవదు దేవసేనమ్మా. ఈ పదకొండుమందికి తెలుసు కదా."

మంగళవారం పదిన్నరకు జీపు వచ్చింది. అధికారి పేరు మురళీధరన్, వెంట ఒక గుమాస్తా. ఆయనకు తెలుగు బాగానే వస్తుంది గాని ఆఫీసు పని అరవంలోనే చేస్తాడు. హాజరు పట్టీ చూశాడు, మరుగుదొడ్డి చూశాడు, తర్వాత డబ్బాల ముందు ఆగాడు. రంజిత ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గింజ దాకా తెచ్చాం, చివర పాడైపోయింది అంది. ఆయన ఒక నోటుబుక్కు తీసుకుని, రంగు పోగులు ఒకదాని పక్కన ఒకటి పెరుగుతూ పోయిన పేజీలను మెల్లగా తిప్పాడు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు.

అప్పుడు కోకిల వరుసలోంచి ముందుకు వచ్చింది. ఎవరూ పిలవలేదు. రాత్రంతా బట్టీపట్టినట్టు అరవంలో మొదలుపెట్టి సగంలో తెలుగులోకి వచ్చేసింది.

"సార్, నేనే నీళ్ళు పోసినా. టీచర్ వద్దనే చెప్పినారు. వాళ్ళు ఎవరూ పోయలేదు. నన్ను బడికి రావద్దని చెప్పేయండి సార్. నేను రాను. బడి మాత్రం మూయొద్దండి."

వంటగది గడపలో గరిటె పట్టుకుని నిలబడ్డ దేవసేనకు ఆ పిల్ల మాటల్లో సగమే వినబడ్డాయి. అవి చాలు. నేను చంపాను అన్న మాటను ఎనిమిదేళ్ళ పిల్ల మోస్తున్నది. దాని బరువెంతో ఆ ఆవరణలో దేవసేన ఒక్కతికే తెలుసు. ఇల్లు, తలుపు, తాళం అన్నీ ఆ క్షణంలో వెనక్కు పోయాయి. గరిటె ఎక్కడ పడేసిందో తెలియదు, వచ్చి కోకిల ముందు నిలబడింది.

"ఆ బిడ్డ కాదయ్యా. నేను. శనివారం, ఆదివారం, రెండు పూటలా బిందెలు బిందెలు పోసినా. తడి గోనెలు కప్పినా. నిన్న ఆ గోనెలు దాచిపెట్టినా. కావాలంటే రండి, కట్టెల వెనకాల ఉండాయి. ఈ పిల్ల నిన్నంతా తిట్లు తింటా ఉంటే గమ్మున ఉండినా."

మురళీధరన్ ఈసారి తెలుగులోనే అడిగాడు.

"ఎందుకమ్మా పోసినారు?"

"ఎండతా ఉంటే చూడలేకపోయినానయ్యా. నీళ్ళు అడిగినట్టే ఉండింది. ఒకసారి అడిగితే ఇయ్యలేదు నేను." అంతకంటే ఆమెకు చెప్పడం చేతకాలేదు. "నన్ను తీసెయ్యండి. బడిని ఉండనియ్యండి."

ఆయన చెడ్డమనిషి కాడు. అదే ఇంకా కష్టం. చేతిలో కాగితాన్ని దేవసేన వైపు తిప్పి, చదవలేదని గుర్తొచ్చి, మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు.

"ఇందులో గింజలకు గడి లేదమ్మా. బుట్టెడు గింజలు చూపించినా నేను రాసేది ఇదే. పిల్లోళ్ళు ఎంతమంది అని ఒక్క గడి ఉండాది. పదకొండు." రంజిత వైపు తిరిగి అన్నాడు, "జూన్ నుంచి పిల్లల్ని పక్క ఊరి బడిలో చేర్చుకుంటారు. మీకు వేరే చోటు చూస్తారు. వంటకు అక్కడ మనిషి ఉండాది, ఈమెకు కష్టమే." నోటుబుక్కును జాగ్రత్తగా బల్లమీద పెట్టి, చేతులు జోడించి జీపెక్కాడు.

జీపు పోయాక రంజిత కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. దేవసేన ఆమె దగ్గరికి పోలేకపోయింది. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు. జూన్ తర్వాత పగలంతా ఎక్కడ ఉండాలో అప్పుడు ఆలోచించలేదు. ముందు కోకిల దగ్గరికి పోయింది. పిల్ల తన డబ్బా పక్కన గొంతుక్కూర్చుని ఉంది. దేవసేన నేలమీద చతికిలబడి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"విన్నావు కదా బంగారూ? నేను పోసినా. నీ ఒక్క బాటిల్‌తో ఏమీ కాలేదు. అదీ కాదు, ఆ సారే చెప్పినాడు, గింజలు ఉన్నా మూసేసేదే అని. నీ తప్పు లేదు. రవ్వంత కూడా లేదు."

కోకిల అంతా విన్నది. బుద్ధిగా తల ఊపింది. ఆ తల ఊపడం దేవసేనకు తెలుసు. మూడేళ్ళ క్రితం తన గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరికీ తనూ అట్లాగే ఊపింది.

"కానీ నేనూ పోసినా కదా అవ్వా" అంది కోకిల.

దేవసేన ఆ చేతులు వదలకుండా అలాగే కూర్చుంది. ఆ మాటకు ఏం చెప్పాలో ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.